బొటనవేలితో ఫోకసా, చూపుడువేలితోనా? పాత కెమెరాకి ఏది మేలు

ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షుల్ని తీసేవాళ్లకైతే నేను తడుముకోకుండా చెప్తాను: ఫోకస్ పనిని షటర్ బటన్ నుంచి తీసేసి, కెమెరా వెనక బొటనవేలికి అందే బటన్‌కి అప్పగించండి. విజయవాడలో పెళ్లిళ్లు తీసేవాళ్లకి మాత్రం ఒక్క మాటలో తేల్చి చెప్పలేను.

ఈమధ్య గుంటూరు, విజయవాడ కుర్రాళ్ల చేతుల్లో పాత డీఎస్ఎల్ఆర్‌లు మళ్లీ కనిపిస్తున్నాయి. స్టూడియోలవాళ్లు కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలకి మారుతూ అమ్మేసినవి కొన్ని, ఇంట్లో బీరువాలో మూలనపడి ఉన్నవి కొన్ని. కెనాన్ 350డి, 400డి, 40డి, నికాన్ డి40, డి90 లాంటివి. మంచి వెలుతురులో వీటి ఫొటోలకి ఇవాళ్టికీ వంక పెట్టలేం. వెనకబడేది ఫోకస్ దగ్గరే. ఇప్పటి కెమెరాలు మనిషి కన్నుని వాటంతటవే వెతికి పట్టుకుంటాయి. 400డిలో ఉన్నవి తొమ్మిది ఫోకస్ పాయింట్లు (ఫ్రేమ్‌లో ఫోకస్ పట్టగల చోట్లు), వాటిలో గట్టిది నడిమిది ఒక్కటే. అది నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ కూడా పసిగడుతుంది. చుట్టూ ఉన్నవి ఏదో ఒక దిశ గీతల్నే చూస్తాయి కాబట్టి వెలుగు తగ్గేసరికి తడబడతాయి. అందుకే పాత కెమెరా వాడేవాళ్లు చాలామంది నడిమి పాయింట్‌తో ఫోకస్ పట్టి, తర్వాత ఫ్రేమ్ సర్దుకునే పద్ధతికే చేరతారు. అలా పట్టిన ఫోకస్‌ని చెదరకుండా నిలిపే పని ఏ వేలికి ఇవ్వాలి?

చూపుడువేలితో షటర్ బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టడం అందరికీ అలవాటైన దారి. వన్ షాట్ మోడ్‌లో, అంటే ఒకసారి ఫోకస్ పట్టి అక్కడే ఆగే పద్ధతిలో, దీనికో పెద్ద భరోసా ఉంది: ఫోకస్ కుదిరితే బీప్ వినిపిస్తుంది, కుదరకపోతే షటర్ పడనే పడదు. ఇబ్బందల్లా, వేలు తీసి మళ్లీ నొక్కిన ప్రతిసారీ లెన్స్ కొత్తగా ఫోకస్ వెతుక్కుంటుంది. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎవరినైనా నిలబెట్టి, ఫ్రేమ్‌లో ఓ పక్కకి వచ్చేలా పెట్టారనుకోండి. మొదటి ఫొటో బాగుంటుంది. రెండోసారి నొక్కేటప్పటికి నడిమి పాయింట్ మనిషి మీద ఉండదు, వెనకున్న కృష్ణ మీద ఉంటుంది. నీళ్ల మెరుపు మీద ఫోకస్ పడి ముఖం మసకబారుతుంది. అలా కాకూడదంటే ప్రతి ఫొటోకీ కెమెరాని మనిషి వైపు తిప్పాలి, ఫోకస్ పట్టాలి, మళ్లీ పక్కకి తిప్పాలి.

వెనక బటన్‌తో ఈ గొడవే ఉండదు. బొటనవేలితో నొక్కితే ఫోకస్ పడుతుంది, వేలు తీస్తే అక్కడే ఆగిపోతుంది. షటర్ ఎన్నిసార్లు నొక్కినా లెన్స్ కదలదు. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఫిల్మ్ రోజుల్లోనే, 1989లో వచ్చిన ఈఓఎస్ 630లో కెనాన్ ఈ సదుపాయం పెట్టింది. 40డి, నికాన్ డి200, డి300లకి ఏఎఫ్-ఆన్ అని విడిగా బటనే ఉంది. 350డి, 400డిలకి అది లేదు. వెనక కుడివైపు పైమూలలో నక్షత్రం గుర్తున్న బటన్‌నే వాడుకోవాలి. దాని పక్కనే ఫోకస్ పాయింట్ మార్చే బటన్ ఉంటుంది. ఆ కెమెరా ఒళ్లు చిన్నది కాబట్టి కొత్తలో బొటనవేలు దాని మీదకి జారుతుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి, చూడకుండా వేలు సరిగ్గా నక్షత్రం మీద వాలేదాకా ఇంట్లోనే సాధన చేసుకోవడం మంచిది.

ఈ రెండు కెమెరాల్లో కస్టమ్ ఫంక్షన్లలో (బటన్ల పనుల్ని మనకి కావలసినట్టు మార్చుకునే సెట్టింగ్‌లలో) నాలుగోది తెరిస్తే 0 నుంచి 3 దాకా ఎంపికలుంటాయి. 0 అంటే మామూలు పద్ధతి. 1లో నక్షత్రం బటన్ ఫోకస్ చేస్తుంది, షటర్ సగం నొక్కితే వెలుతురు లెక్క (ఎక్స్‌పోజర్) లాక్ అవుతుంది. 3లో కూడా ఫోకస్ నక్షత్రానిదే, వెలుతురు లెక్క మాత్రం ఫొటో పడే క్షణాన జరుగుతుంది. బ్యారేజీ దగ్గర నిలబెట్టిన మనిషికి 1, ఎగిరే పక్షికి 3. మీరు ఎలాగూ వెలుతురు లెక్కని సొంతంగా పెట్టుకుని మాన్యువల్‌లో తీసేవాళ్లయితే ఈ రెండింటికీ తేడా ఉండదు. ఇక 2 సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, అది మధ్యేమార్గం: ఫోకస్ షటర్ దగ్గరే ఉంటుంది, ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ మార్చుకుంటూ పోయే మోడ్‌లో) నక్షత్రం నొక్కి పట్టుకున్నంతసేపు ఫోకస్ ఆగుతుంది. చూపుడువేలి అలవాటు వదులుకోలేనివాళ్లు ముందు దీన్ని వాడి చూడాలి.

మళ్లీ ఉప్పలపాడు దగ్గరికొస్తాను, ఎందుకంటే తేడా అక్కడ కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి ఉంటాయి. ఒక కొంగ ముక్కున పుల్ల కరుచుకుని గూటికి దిగుతోంది. ఏఐ సర్వోలో పెట్టి, బొటనవేలు నొక్కే ఉంచి, దాన్ని వెంబడిస్తున్నారు. దిగే దారిలో ఓ కొమ్మ అడ్డొచ్చింది. షటర్ మీద ఫోకస్ ఉంటే కెమెరా ఆ కొమ్మని పట్టుకుంటుంది; ఫొటో తీయాలంటే వేలు షటర్ మీదే ఉండాలి, ఫోకస్ ఆగాలంటే వేలు తీయాలి, రెండూ ఒకేసారి కుదరవు. వెనక బటన్ అయితే కొమ్మ రాగానే బొటనవేలు లేపుతారు, షటర్ పడుతూనే ఉంటుంది, కొమ్మ దాటగానే మళ్లీ నొక్కుతారు. అది గూట్లో వాలిపోయాక వేలు తీసేస్తే చాలు, ఫోకస్ అక్కడే నిలిచి ఉంటుంది. మోడ్ మార్చే పనే లేదు. 400డి సెకనుకి తీసేది మూడు ఫొటోలే కాబట్టి అందులో ఒక్కటి కొమ్మ మీదకి పోయినా నష్టమే.

ఇందులో లోటు కూడా ఉంది. కెనాన్ సర్వోలో బీప్ ఉండదు, ఫోకస్ కుదిరిన గుర్తు వెలగదు. కుదిరినా కుదరకపోయినా షటర్ పడిపోతుంది. కళ్లజోడుతో చిన్న వ్యూఫైండర్‌లో చూసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కదలనివాటికైతే వన్ షాట్‌లోనే వెనక బటన్ వాడుకోవచ్చు, బీప్ కూడా వినిపిస్తుంది.

పెళ్లి మండపంలో లెక్క ఇంకోలా ఉంటుంది. తలంబ్రాలప్పుడు ఎగిరే బియ్యం, అడ్డొచ్చే చేతులు, వీటి మీదకి ఫోకస్ పోకుండా వెనక బటన్ బాగా కాపాడుతుంది: ముఖం మీద పట్టి వదిలేస్తే సరి. కానీ 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి పెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఈ కెమెరాల్లో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లే. పెళ్లికూతురు కాస్త ముందుకి వంగిందా, మీరు వదిలేసిన ఫోకస్ ఆవిడ వెనకే ఉండిపోతుంది. రంధ్రాన్ని ఎఫ్/4కి తగ్గిస్తే ఆ లోతు రెట్టింపు దాటుతుంది, ఫ్లాష్ ఉంటే అదే నయం.

"అన్నా, తాళి కట్టేటప్పుడు బొటనవేలు నొక్కడం మర్చిపోతే నా గతేంటి?" అని పెళ్లిళ్లు తీసే తమ్ముడొకడు అడిగాడు.

"అలవాటయ్యేదాకా మండపంలో వాడకురా. ముందు ఇంట్లో పరిగెత్తే పిల్లల మీద నేర్చుకో" అన్నాను. తాళి మళ్లీ కట్టించలేం. చేతికి పూర్తిగా వచ్చేవరకు ఆ ఘట్టానికి షటర్ సగం నొక్కడమే మేలు.

నికాన్ డి40, డి90లలో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కి మెనూలో ఏఎఫ్-ఆన్ పని అప్పగిస్తే ఇదే పద్ధతి వస్తుంది. వీఆర్ (చేతి వణుకుని సరిదిద్దే సదుపాయం) ఉన్న లెన్స్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: వెనక బటన్ నొక్కినంత మాత్రాన వీఆర్ మొదలవదు. షటర్ సగం నొక్కి, బొమ్మ కుదుటపడ్డాకే పూర్తిగా నొక్కాలి.

ఇంకొకటి. భవానీ ద్వీపంలోనో ఉండవల్లి గుహల దగ్గరో మీరూ ఫొటోలో ఉండాలని కెమెరా ఇంకొకరి చేతికిస్తారు. వాళ్లకి వెనక బటన్ సంగతి తెలియదు, ఫొటోలన్నీ మసకగా వస్తాయి. 350డి, 400డిలలో డయల్‌ని ఆకుపచ్చ చతురస్రం మీదకి తిప్పి ఇవ్వండి. ఆటో మోడ్‌లో కస్టమ్ ఫంక్షన్లు పనిచేయవు కాబట్టి ఫోకస్ దానంతటదే షటర్ బటన్‌కి వచ్చేస్తుంది. కెమెరా తిరిగి మీ చేతికొచ్చాక డయల్ వెనక్కి తిప్పుకుంటే మీ సెట్టింగ్ ఎక్కడిదక్కడే ఉంటుంది.