‘బూట్‌స్ట్రాప్ 5’ పేరుతో పాత టెంప్లేట్లు అమ్ముతున్నారు: డబ్బు కట్టేముందు జాగ్రత్త

రెడీమేడ్ వెబ్‌సైట్ టెంప్లేట్లు కొనే తోటి డిజైనర్లకూ, సొంతంగా సైటు తయారు చేసుకునే చిన్న వ్యాపారులకూ ఈ హెచ్చరిక. బూట్‌స్ట్రాప్ అంటే వెబ్ పేజీల అమరిక కోసం ముందే రాసిపెట్టిన కోడ్, పక్కనుండే అంకె దాని వెర్షన్. మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం సైటు కోసం, ‘పూర్తిగా రెస్పాన్సివ్, బూట్‌స్ట్రాప్ 5 గ్రిడ్’ అని, అంటే తెర కొలతను బట్టి పెట్టెల అమరిక దానంతటదే మారుతుందని, ప్రకటించిన టెంప్లేటును ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర కొన్నాను. ఫైళ్లు దించుకుని చూస్తే లోపల ఉన్నది బూట్‌స్ట్రాప్ 3.

డెమోలో ఈ సంగతి బయటపడదు. అక్కడ ప్రతి పెట్టెలోనూ ఒకే పొడవున్న ఇంగ్లిషు శీర్షిక, ఒకే కొలత ఫొటో పెట్టారు. మేము చీరల పేర్లు తెలుగులో ఎక్కించగానే గుట్టు రట్టయింది. ‘మంగళగిరి పట్టు నిజాం అంచు చీర’ అన్న పేరు రెండో పంక్తిలోకి దిగి మొదటి పెట్టె కాస్త పొడుగైంది. దాంతో, ఎడమ అంచు నుంచి కొత్త వరుసగా మొదలవ్వాల్సిన నాలుగో పెట్టె మొదటిదానికి తట్టుకుని రెండో పెట్టె కింద ఇరుక్కుంది. ఎడమవైపు ఖాళీ మిగిలిపోయింది. 2013లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 3 నిలువు వరుసలను ‘ఫ్లోట్’ పద్ధతిలో, అంటే ఒక్కోదాన్నీ ఎడమకు నెట్టుతూ, పేరుస్తుంది కాబట్టి, ఎత్తులు సమానంగా లేనిచోట ఇలా జరగడం దాని స్వభావమే. మధ్యమధ్య వరుసను తెంచే ‘క్లియర్‌ఫిక్స్’ చేర్చుకోమని దాని సొంత డాక్యుమెంటేషనే చెబుతుంది. 2018లో వచ్చిన 4వ వెర్షన్, ఎత్తులు తేడాగా ఉన్నా వరుస చెదరనివ్వని ఫ్లెక్స్‌బాక్స్‌కు మారాక ఈ బెడద పోయింది.

పేజీ రూపం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు చిక్కు భద్రతది. 3వ వెర్షన్‌కు మద్దతు 2019లోనే ముగిసింది, 4వ దానికి 2023 జనవరి 1తో ముగిసింది. టూల్‌టిప్, పాపోవర్ అనే చిన్న వివరణ పెట్టెల ద్వారా బయటివాళ్లు స్క్రిప్టు చొప్పించగలిగే లోపాన్ని 2019లో 3.4.1లో సరిచేశారు. మాకు అంటగట్టినది 3.3.7. స్టైల్ ఫైలు మొదట్లో ఉండే వెర్షన్ వ్యాఖ్యను అమ్మకందారు తీసేశారు గానీ, జావాస్క్రిప్ట్ ఫైలులో ఆ అంకె అలాగే ఉండిపోయింది. దొంగపని కూడా శ్రద్ధగా చేయలేదన్నమాట.

కొత్త ఫైలు తెచ్చి పాతదాని స్థానంలో పెడితే సరిపోదా అని కొందరు అడిగారు. సరిపోదు. ‘కాల్-ఎక్స్ఎస్’ అన్న క్లాసు (కోడ్‌లో పెట్టె వెడల్పును నిర్ణయించే పేరు) 4వ వెర్షన్‌లోనే పోయింది, ‘ప్యానెల్’ స్థానంలో ‘కార్డ్’ వచ్చింది, ‘డేటా-టాగుల్’ 5లో ‘డేటా-బీఎస్-టాగుల్’ అయింది. పేజీలన్నీ మళ్లీ రాసుకోవాల్సిందే.

అందుకని, డబ్బు కట్టకముందే డెమోను కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి పేజీ సోర్సులో, అంటే పేజీ వెనక ఉన్న కోడ్‌లో, ఈ పేర్లు వెతకండి. ‘కాల్-ఎక్స్ఎస్’ (col-xs), ‘గ్లిఫికాన్’ (glyphicon), ‘ఇమేజ్-రెస్పాన్సివ్’ (img-responsive) కనబడితే అది 3వ వెర్షన్ సరుకే. మెనూ బటన్ దగ్గర ‘డేటా-బీఎస్’ (data-bs) ఉంటే 5 అని చాలావరకు నమ్మవచ్చు. తర్వాత బ్రౌజర్‌లో పేజీ కోడ్‌ను అక్కడికక్కడే మార్చి చూడనిచ్చే ఇన్‌స్పెక్ట్‌లో ఒక శీర్షికను చెరిపి, మీ సైటులో రాబోయే అతి పొడవైన తెలుగు పేరును అక్కడే టైపు చేసి చూడండి. కొనకుండానే ఈ పరీక్ష చేయవచ్చు. ఫోను కొలత ఒక్కటే చూసి వదిలేయకుండా, విండో అంచును మెల్లగా లాగుతూ 768, 992 పిక్సెళ్ల చుట్టుపక్కల ఆగి చూడండి, ఎందుకంటే అమరిక మారేది అక్కడే, చెదిరేదీ అక్కడే.

అసలు కొనాలా అన్నది కూడా ఆలోచించుకోవాలి. బూట్‌స్ట్రాప్ ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది. టెంప్లేటుకు మనం కట్టేది దాని మీద చేసిన పనికి మాత్రమే. పైగా 2017 మార్చి నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలో సీఎస్ఎస్ గ్రిడ్ అనే అమరిక పద్ధతి నేరుగా ఉంది. చీరల పెట్టెలు వరుసగా అమర్చడానికి అందులో రెండు మూడు పంక్తులు చాలు, ఒకే వరుసలోని పెట్టెల ఎత్తులూ వాటంతటవే సమానమవుతాయి. చివరికి ఆ దుకాణం సైటును నేను అలాగే పూర్తి చేశాను.

డబ్బు వాపసు అడిగితే, ‘డిజిటల్ సరుకుకు రీఫండ్ లేదు, అప్‌గ్రేడ్ కావాలంటే అదనపు రుసుము’ అని జవాబిచ్చారు. ఆ మాటకు జంకనవసరం లేదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు అమ్మే సంస్థ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్ 48 గంటల్లో తెలియజేసి, నెల లోపల పరిష్కరించాలి. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని వాదించవచ్చు గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం మినహాయింపు ఇచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫిర్యాదుకు ఆధారంగా, కొనే రోజునే ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి, రసీదుతో పాటు దాచుకోండి. నేను ఫిర్యాదు చేసిన తర్వాత ఆ అమ్మకందారు పేజీలో ‘బూట్‌స్ట్రాప్ 5’ అన్న మాట తీసేసి ‘ఆధునిక గ్రిడ్’ అని మార్చారు. టెంప్లేటు మాత్రం ఇంకా అమ్మకంలోనే ఉంది.