ఫ్రైడే హార్బర్‌లో వారాంతం: ముందు సంబరం, తర్వాత పడవ, ఆ తర్వాతే బస

సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్మండ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు శాన్ వాన్ ద్వీపానికి బయల్దేరాయంటే చాలావరకు ఓర్కాల (కిల్లర్ వేల్స్) కోసమే. పొద్దున పడవ దిగుతారు, టూర్ బోటు ఎక్కుతారు, రేవు దగ్గర ఐస్‌క్రీమ్ తిని సాయంత్రం పడవకు వెనక్కి వచ్చేస్తారు. ఊరు మాత్రం చూడరు. పడవ ఆగే ఆ ఊరి పేరు ఫ్రైడే హార్బర్, జనాభా రెండున్నర వేల పైచిలుకు. ద్వీపమంతా వెతికినా ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ కనబడదు. అయినా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడి వారాంతాలు సందడిగా ఉంటాయి. సంత, ఊరేగింపు, జిల్లా తిరునాళ్ళు (కౌంటీ ఫెయిర్), అన్నీ ఊరివాళ్ళు తమకోసం జరుపుకునేవే. పర్యాటకులు లేకపోయినా అవి జరుగుతాయి, వాటి అందం అక్కడే ఉంది.

అందుకే ఈ ప్రయాణాన్ని తలకిందులుగా వేసుకోవాలి. ముందు హోటల్, తర్వాత పడవ, వెళ్ళాక ఏముందో చూద్దాం అనుకుంటే కుదరదు. సంత మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తారు, తిరునాళ్ళు ఏడాదికి నాలుగు రోజులే. ఏ సంబరానికి వెళ్ళాలో ముందు తేల్చుకుంటే, ఎక్కాల్సిన పడవేదో, ఊళ్ళో ఉండాలా పడమటి తీరాన ఉండాలా అన్నది దానంతటదే తేలుతుంది.

కష్టమైన భాగం పడవే. వాషింగ్టన్ స్టేట్ ఫెర్రీలు అనకార్టెస్ నుంచి బయల్దేరతాయి. సియాటెల్ నుంచి అక్కడికి దాదాపు 80 మైళ్ళు. మ్యాప్ గంటన్నర చెబుతుంది గానీ శుక్రవారం సాయంత్రం ఎవరెట్, మేరీస్‌విల్ దగ్గర ఐ-5 మీద ఇరుక్కుంటే ఆ లెక్క చెడిపోతుంది. పైగా పడవలో మరో గంటా పది, గంటా ఇరవై నిమిషాలు. దారిలో లోపెజ్, షా, ఓర్కస్ ద్వీపాల దగ్గర ఆగే పడవైతే ఇంకా ఎక్కువ.

కారుతో వెళ్ళేవాళ్ళు రిజర్వేషన్ చేసుకోవాల్సిందే. చోటంతా ఒకేసారి అమ్మరు. దాదాపు 30 శాతం ఆ సీజన్ పడవల టైమ్‌టేబుల్ మొదలవడానికి రెండు నెలల ముందు, ఇంకో 30 శాతం ఆ పడవ తేదీకి రెండు వారాల ముందు, మరో 30 శాతం రెండు రోజుల ముందు ఉదయం ఏడు గంటలకు తెరుస్తారు. మొదటి విడతలో దొరకలేదని చాలామంది ప్రయాణమే మానుకుంటారు. అలా మానుకోవద్దు. రెండు రోజుల ముందు ఏడు కొట్టేసరికి లాగిన్ అయి కూర్చుంటే శనివారం పడవలు కూడా దొరుకుతుంటాయి. తిరుగు ప్రయాణానికి విడిగా రిజర్వేషన్ చేసుకోవడం మర్చిపోకండి, ఆదివారం మధ్యాహ్నం పడవలకు పోటీ శనివారం ఉదయం కంటే తక్కువేమీ కాదు. టికెట్ డబ్బు మాత్రం అనకార్టెస్‌లోనే, వెళ్ళేటప్పుడే తీసుకుంటారు, వచ్చేటప్పుడు ఉచితం. బుధవారం నుంచి శనివారం దాకా కారు ఛార్జీ ఎక్కువ, ఆది నుంచి మంగళవారం దాకా తక్కువ. వేసవిలో దీనిమీద అదనపు ఛార్జీ కూడా పడుతుంది.

బండి పొడవు దగ్గర చాలామంది దెబ్బతింటారు. 22 అడుగుల లోపు మామూలు ధర. వెనక తగిలించిన సైకిల్ ర్యాక్ కూడా పొడవులోకే వస్తుంది, కాబట్టి పెద్ద ఎస్‌యూవీ, మినీ వ్యాన్ ఉన్నవాళ్ళు ర్యాక్‌తో సహా కొలుచుకుని బుక్ చేయాలి. పైన సామాను పెట్టె ఉంటే ఎత్తు కూడా చూసుకోవాలి, 7 అడుగుల 2 అంగుళాలు దాటితే ఎత్తైన బండ్ల వరుసలో నిలబెడతారు. రిజర్వేషన్ ఉంది కదా అని పడవ వేళకు చేరితే సరిపోదు. గంట ముందు చేరేలా బయల్దేరండి. ఆలస్యంగా టోల్ బూత్ దాటితే మీ చోటు పోతుంది, స్టాండ్‌బై వరుసలో నిలబడాలి. సిబ్బంది కొరత వల్లో, పడవ మరమ్మతు వల్లో ఒక ట్రిప్ రద్దయితే ఆ రోజంతా వెనక పడవలన్నీ నిండిపోతాయి. ఫెర్రీల అలర్ట్‌లు ఫోన్‌కు వచ్చేలా ముందురోజే పెట్టుకోండి.

అసలు కారు కావాలా అన్నది ఆలోచించాల్సిన విషయం. సంతకో, తిరునాళ్ళకో, జులై 4 ఊరేగింపుకో వెళ్తూ ఊళ్ళోనే ఉంటే కారు అనవసరం. నడిచి ఎక్కేవాళ్ళకు రిజర్వేషన్ అక్కర్లేదు, 18 ఏళ్ళు, ఆ లోపు పిల్లలకు టికెట్టే లేదు. కారు అనకార్టెస్ రేవు దగ్గర డబ్బు కట్టి పార్క్ చేయొచ్చు. వేసవి శనివారాల్లో ఆ స్థలం త్వరగా నిండుతుంది కాబట్టి ఉదయం మొదటి పడవల్లో వెళ్ళేవాళ్ళకే ఇది నమ్మకమైన దారి. పడవ దిగగానే స్ప్రింగ్ స్ట్రీట్ మొదలవుతుంది, ఊళ్ళోనే అయితే ఎక్కడికైనా కాలినడకన చేరొచ్చు. సియాటెల్ లేక్ యూనియన్ నుంచి కెన్మోర్ ఎయిర్ నీటి విమానం ముప్పావుగంటలో దింపుతుంది గానీ, సామాను మనిషికి 25 పౌండ్లే. చంటిపిల్లల కుటుంబానికి అది చాలదు.

శనివారం సంత నికోల్స్ స్ట్రీట్‌లోని బ్రిక్‌వర్క్స్ అనే భవనం దగ్గర జరుగుతుంది. రేవు నుంచి అయిదారు నిమిషాల నడక. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట వరకు. అమ్మేవాళ్ళు ఈ ద్వీపాల రైతులు, చేతిపనివాళ్ళే, బయట కొనుక్కొచ్చి అమ్మే సరుకు ఉండదు. కొనేవాళ్ళలో సగం మంది పేర్లు పెట్టి పలకరించుకుంటుంటారు. జూన్‌లో ఆకుకూరలు, బెర్రీలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో టమాటాలు, వెల్లుల్లి, పూలు. గుడ్లు, బెర్రీలు ముందే అయిపోతాయి, పదకొండు తర్వాత వెళ్తే ఉన్నవాటితో సరిపెట్టుకోవాలి. ద్వీపంలో పెంచిన గొర్రెమాంసం కొనాలనుకుంటే ఐస్ పెట్టె వెంట తెచ్చుకోండి. కొని నేరుగా పడవ ఎక్కినా, ఇంటికి చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. చిల్లర నోట్లు, రెండు గుడ్డ సంచులు ఉంటే చాలు.

ఆగస్టు మధ్యలో జరిగే శాన్ వాన్ కౌంటీ ఫెయిర్‌కే మా మొదటి ఓటు. బుధవారం నుంచి శనివారం దాకా, ఆర్గైల్ అవెన్యూలోని ఫెయిర్‌గ్రౌండ్స్‌లో. రేవు నుంచి పావుగంట పైన నడక. మన జాతరలో పశువుల సంత, స్కూల్ వార్షికోత్సవం, వంటల పోటీ ఒకే చోట పెట్టినట్టుంటుంది. పిల్లలు జుకిని కాయకు చక్రాలు బిగించి వాలు పలక మీంచి వదిలి పందెం కడతారు. కోళ్ళకు, కుందేళ్ళకు పరుగు పందేలుంటాయి. పారేసే వస్తువులతో కుట్టిన బట్టలు వేసుకుని నడిచే ఫ్యాషన్ షో ఉంటుంది. అన్నిటికంటే నిదానంగా చూడాల్సింది 4-హెచ్ (పిల్లలకు పశుపోషణ లాంటి పనులు నేర్పే సంఘం) పిల్లల పశువుల కొట్టాలు. ఏడాదంతా తామే మేపి, కడిగి, నడిపించడం నేర్పిన జంతువు పక్కన నిలబడి, అడిగితే దాని తిండి దగ్గర్నుంచి బరువు దాకా చెబుతారు. మన పిల్లలు వాళ్ళతో మాట్లాడేలా చేయండి. ప్రదర్శనశాలలో కూరగాయలు, జాములు, బొంతలు, ఫొటోల మీద రిబ్బన్లు కనబడతాయి: నీలం మొదటి స్థాయి, ఎరుపు రెండు, తెలుపు మూడు. పక్కనే న్యాయనిర్ణేత రాసిన కార్డు ఉంటే చదవండి, ఎందుకు తగ్గిందో అందులో ఉంటుంది. శనివారం రద్దీ ఎక్కువ. ఒకరోజు సెలవు పెట్టగలిగితే శుక్రవారం మేలు, కొట్టాల దగ్గర నిలబడి మాట్లాడే తీరిక దొరుకుతుంది.

జులై 4 ఊరేగింపు ఉదయం స్ప్రింగ్ స్ట్రీట్‌లో. ఫైర్ ఇంజన్లు, గుర్రాలు, పాత ట్రాక్టర్లు, సైకిళ్ళు అలంకరించుకున్న పిల్లలు అందరూ ఉంటారు. ఆ రోజు ఊళ్ళోకి కారు తేవడం వృథా. చీకటి పడేసరికి రాత్రి పదవుతుంది కాబట్టి, అక్కడే పడుకునే ఏర్పాటు లేకుండా బాణసంచా మీద ఆశ పెట్టుకోవద్దు.

జులై నెలాఖరులో ఇంగ్లిష్ క్యాంప్‌లో ఎన్‌క్యాంప్‌మెంట్ అనే వారాంతం ఉంటుంది. పాత దుస్తుల్లో, గుడారాలు వేసుకుని 1859 నాటి జీవితాన్ని చూపిస్తారు. కథ తెలుసుకుని వెళ్తేనే రుచి. 1859 జూన్ 15న లైమన్ కట్లర్ అనే అమెరికన్ రైతు తన బంగాళదుంపల మడిలో పడ్డ హడ్సన్స్ బే అనే బ్రిటిష్ వ్యాపార కంపెనీ పందిని కాల్చాడు. ద్వీపం ఎవరిదో తేలని రోజులవి. ఉత్తరాన బ్రిటిష్ సైన్యం, దక్షిణాన అమెరికన్ సైన్యం మకాం వేశాయి. పన్నెండేళ్ళపైగా ఒకే ద్వీపం మీద ఉన్నా, ఆ గొడవలో పంది తప్ప ఎవరూ చావలేదు. 1872లో జర్మన్ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ మధ్యవర్తిగా ద్వీపాన్ని అమెరికాకు ఇచ్చాడు. రెండు క్యాంపులూ ఇప్పుడు నేషనల్ హిస్టారికల్ పార్కే, ప్రవేశం ఉచితం. అమెరికన్ క్యాంప్ మైదానంలో నక్కలు మనుషుల దగ్గరికే వస్తాయి. వాటికి చిప్స్ వేయకండి, తిండికి అలవాటుపడి రోడ్డు మీదికొచ్చి కార్ల కింద పడుతున్నాయి.

జులైలో పెలిండాబా లావెండర్ తోట చూడొచ్చు. గంట చాలు, దానికోసమే ప్రయాణం వేసుకోనక్కర్లేదు.

ఊరికి 10 మైళ్ళ దూరంలో రోష్ హార్బర్. ఒకప్పటి సున్నం కంపెనీ ఊరు, 1886లో కట్టిన హోటల్ డి హారో ఇంకా నిలిచే ఉంది. వేసవిలో రోజూ సూర్యాస్తమయానికి జెండాలు దింపే కార్యక్రమం చేస్తారు, చివర ఫిరంగి పేలుస్తారు, చంటిపిల్లలుంటే ముందే చెవులు మూయండి. జూన్, జులైల్లో అది దాదాపు తొమ్మిదయితే గానీ జరగదు. తర్వాత చీకట్లో ఊరికి తిరిగి రావాలి, జింకలు హఠాత్తుగా రోడ్డు మీదికొస్తాయి. పిల్లలున్నవాళ్ళకు సెప్టెంబరు అనువు, ఎనిమిదికల్లా అయిపోతుంది.

ఓర్కాల సంగతి. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ చట్టం ప్రకారం సాల్మన్ తినే సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు పడవలు 1,000 గజాల దూరం పాటించాలి. అందువల్ల టూర్ బోట్లు చూపించేది ఎక్కువగా సీల్‌లను వేటాడే బిగ్స్ ఓర్కాలనే. రెసిడెంట్లను దగ్గరగా చూడాలంటే పడమటి తీరాన లైమ్ కిల్న్ పాయింట్ రాళ్ళ మీద కూర్చోవడమే మార్గం, అక్కడ కారు పార్క్ చేయడానికి కావాల్సిన డిస్కవర్ పాస్ ఒకరోజుకు 10 డాలర్లు. వస్తాయన్న హామీ లేదు. అవి తినే చినూక్ సాల్మన్ తగ్గిపోవడంతో అక్కడికి రావడమూ తగ్గించాయి. ముందు ఊళ్ళో 1979లో మొదలైన వేల్ మ్యూజియం చూసి వెళ్తే రెక్కలో, వీపు మీది మచ్చలో తేడా పట్టుకోగలరు. పడమటి తీరంలో ఫోన్ సముద్రానికి అవతలి కెనడా టవర్లను పట్టేసుకుంటుంది, రోమింగ్ ఆపేయండి.

బసల్లో ఊళ్ళోని హోటళ్ళు ఖరీదే, కానీ కారు ఖర్చు తగ్గిందంటే లెక్క సరిపోతుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే ఊరికీ రోష్ హార్బర్‌కీ మధ్య ఉన్న లేక్‌డేల్ బాగుంటుంది: చెరువులు, క్యాబిన్లు, పెద్ద గుడారాలు, మామూలు క్యాంప్ స్థలాలు అన్నీ ఒకేచోట. కారు మాత్రం తప్పదు. పడమటి తీరాన కౌంటీ పార్క్ క్యాంప్ స్థలాలు చవక, సముద్రం ఎదురుగా ఉంటుంది. స్థలాలు కొన్నే కాబట్టి నెలల ముందే అయిపోతాయి. ఆగస్టులో ఎండిన గడ్డి వల్ల క్యాంప్ ఫైర్ నిషేధం ఉంటుంది, వంటకు గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళండి, అది కూడా ఆ రోజు అనుమతి ఉందో లేదో అడిగాకే వెలిగించండి. నీళ్ళ కొరత ఉన్న ద్వీపం, ఎక్కడ ఉన్నా పొదుపుగా వాడాలి.

శాకాహారులు మన వంట దొరుకుతుందన్న లెక్కతో వెళ్ళొద్దు. పులిహోర, చపాతీలు మొదటి రోజుకు. స్ప్రింగ్ స్ట్రీట్‌లోని కింగ్స్ మార్కెట్‌లో పాలు, పెరుగు, బియ్యం దొరుకుతాయి గానీ ధరలు ఎక్కువ. వంటగది ఉన్న బస తీసుకుని, కూరలు సంతలో కొనుక్కుంటే ఖర్చూ తగ్గుతుంది, తిండీ బాగుంటుంది.

ఆదివారం తిరుగు పడవకు కార్లను రేవు దగ్గరున్న వరుసల్లో పెట్టిస్తారు. ముప్పావుగంట ముందే పెట్టేసి, ఒక్కరు బండి దగ్గర ఉండి మిగతావాళ్ళు ఊళ్ళో తిరగొచ్చు. ఆదివారం మధ్యాహ్నం రిజర్వేషన్ దొరక్కపోతే స్టాండ్‌బైలో పిల్లలతో ఎండలో నిలబడేకంటే, సోమవారం ఉదయం తొలి పడవకు బుక్ చేసుకుని, ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టడం మంచిది.