పైన్ మొక్కలకి ఇమజాపైర్, ఏడేళ్లు వాడాక

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో మాకున్న 12 ఎకరాల్లో లాబ్‌లాలీ పైన్ (కలప కోసం పెంచే పైన్ రకం) వేయడం మొదలుపెట్టి ఇది ఏడో ఏడు. ఒకేసారి కాదు, మూడు విడతలుగా వేశాం, మూడుసార్లూ ఇమజాపైర్ అనే కలుపు మందు కొట్టా.

మొదటి విడత జనవరిలో నాటి ఏప్రిల్‌లో కొట్టాం, చివరి రెండు సాళ్లకి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయిపోయింది, సర్లే అని వదిలేశా. రెండో ఏడు చూస్తే మందు పడినవి నా భుజం దాకా వచ్చాయి, ఆ రెండు సాళ్లు డాగ్ ఫెన్నెల్ అనే పొడుగు కలుపు మధ్యలో వెతుక్కోవాల్సి వచ్చింది. మందులో ఎరువులా బలమేం ఉండదండీ, గడ్డి తాగేసే నీళ్లు మొక్కకి మిగులుతాయి, అంతే. పైన్ ఈ మందుని లోపలే అరిగించుకుంటుంది, కలుపు అరిగించుకోలేదు.

రెండో విడతలో దెబ్బతిన్నా. ఓ కాంట్రాక్టర్ మాట విని జూన్‌లో, అదీ సర్ఫాక్టెంట్ (మందు ఆకుకి బాగా పట్టేలా చేసే ద్రవం) కలిపి మొక్కల పైనుంచే కొట్టించా, లేత మొవ్వులు ఎదుగుతున్న టైమ్ అది. మొక్కలు చావలేదు గానీ మొవ్వు గిడసబారిపోయి, సూదాకులు పొట్టిగా గుత్తుల్లా వచ్చాయి, ఆ ఏడు ఎదుగుదల మొత్తం పోయినట్టే. లేబుల్ మీద ఉంది, నేనే చదవలేదు. గుంటూరులో మా నాన్నకి ఫోన్‌లో చెప్తే "మిరపకైతే డబ్బా మీద రాసింది చదువుతావా, చెట్టుకైతే చదవవా" అన్నారు.

మూడోసారి ఏప్రిల్‌లోనే, ఎకరానికి 4 ఔన్సులు (గాలన్‌కి 4 పౌండ్ల అసలు మందు ఉండే రకం), దాంట్లో సల్ఫోమెట్యురాన్ అనే ఇంకో కలుపు మందు 2 ఔన్సులు, సర్ఫాక్టెంట్ లేకుండా, సాలు మీద 5 అడుగుల పట్టీ మాత్రమే. ఇదే నాకు బాగా కలిసొచ్చింది, ఖర్చూ సగమైంది.

బ్లాక్‌బెర్రీ ముళ్లకంపకి మాత్రం ఇది పనిచేయదు, పోటీ గడ్డి పోయేసరికి ఇంకా రెచ్చిపోతుంది. శుభ్రంగా ఉన్న తోటలో టిప్ మాత్ పురుగు కూడా ఎక్కువే చూశా, మొవ్వులు తొలిచేస్తుంది. మందు నేలలో నెలల తరబడి ఉంటుంది, గట్టు మీద ఓక్ చెట్లుంటే వాటి వేళ్ల దగ్గరికి పోనివ్వకండి.

మిగిలిన ఇసక నేలలో వచ్చే చలికాలం లాంగ్‌లీఫ్ అనే ఇంకో పైన్ రకం పెడదామనుకుంటున్నా, అది ఇమజాపైర్‌కి లాబ్‌లాలీ అంత తట్టుకోదు కాబట్టి అక్కడ ఈ డబ్బా తీయను.