పొదలకూరు రోడ్డు నర్సరీలో రెక్స్ బిగోనియా: కొనొచ్చు, కాకపోతే నెల చూసుకుని కొనండి

రంగురంగుల ఆకుల కోసం పెంచుకునే రెక్స్ బిగోనియా నెల్లూరు ఎండలకు బతకదని చాలామంది తేల్చేస్తుంటారు. బతుకుతుంది. మా ఇంట్లో రోహిణి కార్తె కూడా దాటుకుని ఇప్పటికీ కొత్త ఆకులు వేస్తోంది. దానికి సగం కారణం మొక్కను కొన్న చోటే, అందుకే ఈ రివ్యూ.

పొదలకూరు రోడ్డులో ఊరు దాటబోయే ముందు, బోర్డు కూడా లేని చిన్న నర్సరీ. ముందంతా మందారాలు, మల్లెలు, నిమ్మ అంట్లు. బిగోనియాలు కావాలంటే వెనక షేడ్ నెట్ కిందికి వెళ్లి అడగాలి. అక్కడి పెద్దాయన చేసే పనే నాకు బాగా నచ్చింది. లోడ్ దిగిన మర్నాడే అమ్మడు, ఇక్కడికి వచ్చాక కనీసం ఒక కొత్త ఆకు విచ్చుకునేదాకా పక్కన పెట్టి ఉంచుతాడు. చల్లటి చోట పెరిగిన మొక్క మన గాలికి అలవాటు పడిందా లేదా అన్నది ఆ ఆకే చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఎంత అందమైన ఫోటో పెట్టినా ఈ ఒక్క విషయం తెలియదు. "ఎండన పెట్టబాకమ్మా, నీళ్లు దండిగా పొయ్యబాక" అని డబ్బులు తీసుకునే ముందే చెప్పాడు. అడక్కుండా జాగ్రత్తలు చెప్పే నర్సరీలు ఎన్ని ఉన్నాయి?

నేను తెచ్చిన దానికి ఆకు నడుమ ముదురు ఊదా, చుట్టూ వెండి రంగు పట్టీ, అంచున మళ్లీ సన్నగా ఊదా. తిప్పి చూస్తే ఈనెలు ఎర్రగా, సన్నటి నూగుతో ఉంటాయి. ఆ వెండి మెరుపు రంగు కాదు, ఆకు పైపొర కింద ఉండే గాలి ఖాళీల మీద వెలుతురు పడి అలా కనిపిస్తుంది. ఎరుపు, ఊదా మాత్రం ఆకులో ఉండే ఆంథోసయనిన్లనే రంగు పదార్థాల వల్ల వస్తాయి. వెలుతురు మరీ తక్కువైతే ఈ రంగులన్నీ వెలిసిపోతాయి, నేరుగా ఎండ పడితే ఆకు మాడిపోతుంది. తూర్పు కిటికీకి కాస్త ఎడంగా, తెర వెనక పెట్టండి, సరిపోతుంది.

ఇక నచ్చనివి. కవర్లో ఉన్న మట్టి అచ్చంగా ఎర్రమట్టి, గట్టిగా దట్టించేశారు. ఈ మొక్క మూలం అస్సాం వైపు అడవులు, అక్కడ ఆకులు కుళ్లిన తేలిక మట్టిలో దుంపలాంటి కాండం పైపైనే పాకుతూ పోతుంది. ఆ కాండాన్ని బంకమట్టిలో కప్పెడితే కుళ్లడం ఖాయం. మొక్క కుదురుకున్నాక కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టిలోకి మార్చండి, కాండం మట్టి పైకి కనిపించేలా. పేర్ల విషయంలో కూడా వాళ్లను నమ్మొద్దు, రంగు ఆకు ఉన్న ప్రతిదీ వాళ్లకు రెక్సే. ఆకు మధ్య గోధుమరంగు శిలువ గుర్తు ఉన్న మసోనియానా అనే వేరే రకం బిగోనియాను కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. ధర కూడా కొంచెం ఎక్కువే, నేను 220 ఇచ్చాను.

నీళ్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఈ మొక్కలు ఎక్కువగా చచ్చేది దీనివల్లే అని నా నమ్మకం. చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, పోసేకొద్దీ ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసుగా విరిగిపోతాయి. ఆర్‌వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని పోస్తుంటారు, అవి ఇంకా ఉప్పు నీళ్లు, వద్దే వద్దు. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదంటే ఏసీ నుంచి కారే నీళ్లు వాడండి. వేలు పెట్టి చూసి పైమట్టి ఆరితేనే పొయ్యాలి, ఆకుల మీద చల్లకూడదు, తడి ఆకు గాలాడని మూలలో ఉంటే తెగులు పట్టేస్తుంది. గాలిలో తేమ కోసం గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు పోసి, తొట్టి అడుగు ఆ నీళ్లకు తగలకుండా పైన పెట్టండి. ఏసీ గాలి నేరుగా కొట్టే చోటు వద్దు. పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో అందనంత ఎత్తులో పెట్టాలి, ఈ మొక్కలో ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు నోటిని మంట పుట్టిస్తాయి, దుంప కొరికితే మరీ ప్రమాదం.

ఒక్కటి కొంటే చాలు, మిగతావి మీరే చేసుకోవచ్చు. ముదిరిన ఆకు ఒకటి కోసి, ఒక్కో ముక్కలో ఒక పెద్ద ఈనె వచ్చేలా కత్తిరించి, ఈనె మొదలు తడి కోకోపీట్‌లో గుచ్చి, పైన పాలిథిన్ కవర్ కప్పి నీడలో పెట్టండి. కొన్ని వారాలకు ఈనె మొదట్లో గోరంత మొక్కలు లేస్తాయి. మా వీధిలో ఇద్దరు ముగ్గురి ఇళ్లకు మా ఆకులే వెళ్లాయి.

మార్చి నుంచి జూలై దాకా కొనడానికి వెళ్లొద్దు, ఎంత మంచి మొక్కైనా ఆ వేడిలో చోటు మారితే తట్టుకోలేదు. మనకు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా, ఆ తేమలో తెచ్చుకుంటే సంక్రాంతి లోపే కుదురుకుంటుంది. దీపావళి దాటాక కొత్త లోడ్ వస్తుందని పెద్దాయన చెప్పాడు. ఉదయం పూట వెళ్లండి, మధ్యాహ్నం భోజనానికి మూసేస్తే సాయంత్రం దాకా తెరవరు.