సగంలో ఆగే కథలు: గర్వం, వినయం కార్డుల సెట్టు వాడి చూశాక

సండే స్కూల్ కోసం బొమ్మల కార్డులు బోలెడన్ని దొరుకుతాయి. బొమ్మలు, అట్ట, రంగులు అన్నిటికీ ఇంచుమించు ఒకటే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఈ సెట్టును నేను ఇన్నాళ్లుగా వదలకుండా వాడుతున్నది ఒకే కారణానికి. ఇది కథను సగంలో ఆపేస్తుంది. మనిషి అహం దెబ్బతిన్న చోటే కార్డు అయిపోతుంది. మిగతా కథ ఇంకో కార్డు మీద ఉంటుంది, మనం తీసినప్పుడే. "కాబట్టి పిల్లలూ, గర్వపడకూడదు" అన్న ముక్క మచ్చుకైనా లేదు.

నయమాను కథే చూడండి (బైబిల్లో 2 రాజులు 5). సిరియా సేనాధిపతి, కుష్ఠురోగి. గుర్రాలతో, రథంతో వచ్చి ఎలీషా ప్రవక్త గుమ్మం ముందు నిలబడ్డాడు. ప్రవక్త బయటికే రాలేదు. మనిషిని పంపి, యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగితే బాగవుతావని చెప్పించాడు. మా దమస్కులో అబానా, ఫర్పరు నదులు లేవా అని నయమాను మండిపడి వెనుదిరిగాడు. కార్డు అక్కడ ఆగింది.

ఇక్కడ గర్వం ఎవరిది అని అడిగాను. ఒక పాప లేచి, "ఎలీషాదే టీచర్! అంత దూరం నుంచి వచ్చినాయన్ని బయటే నిలబెట్టి, వేరేవాళ్లతో చెప్పిస్తారా?" అంది. సగం క్లాసు ఆ పాప వైపే. నా దగ్గర జవాబు లేదు. నయమాను చివరికి మునిగి బాగుపడే రెండో కార్డు తీసి, నయమానుకు పనికొచ్చే మాట ఎవరెవరు చెప్పారో లెక్కపెట్టమన్నాను. ప్రవక్త సంగతి చెప్పిన, ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన చిన్నపిల్ల, ఎలీషా పంపిన మనిషి, చివరికి సొంత దాసులు. "ఇశ్రాయేలు రాజు నావల్ల కాదని బట్టలు చింపుకున్నాడంతే, పెద్దోళ్లెవరూ సాయం చేయలేదు" అన్నాడు వెనక బెంచీ పిల్లాడు. దానికి ఇంకొకడు, "ఎలీషా వచ్చుంటే ఆయనే బాగు చేశాడనుకునేవాడు, అందుకే రాలేదు" అని తేల్చేశాడు. బైబిల్లో ఆ కారణం రాసి లేదని చెప్పాననుకోండి. అయినా నేను పాఠం తయారుచేసుకుని వెళ్లిన ఏ ఆదివారమూ ఇంత చర్చ జరగలేదు.

అయితే ఆపడం అన్ని కథల్లోనూ ఇంత బాగా కుదరలేదు. గర్వించిన బబులోను రాజు నెబుకద్నెజరు పశువులా గడ్డి మేశాడనగానే క్లాసంతా అంబా అని అరుపులు, ఇక ప్రశ్న ఎవరికి వినబడుతుంది? యూదా రాజు ఉజ్జియా కార్డును నయమాను పక్కనే పెట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. యాజకులే వేయాల్సిన ధూపం ఆ రాజు గర్వంతో తానే వేయబోతే నుదుటి మీద కుష్ఠు పుట్టింది. వరసగా రెండూ విన్న ఒక బాబు, జబ్బు చేసినవాళ్లంతా గర్విష్ఠులేనా అని బిక్కమొహం వేశాడు. నయమానుకు రోగం గర్వం వల్ల వచ్చిందని బైబిల్లో ఎక్కడా లేదు, కానీ కార్డుల వరస అలా అనిపించేలా ఉంది. ఇప్పుడు ఉజ్జియాను పెద్ద పిల్లలకే చెబుతున్నాను. సెట్టుతో వచ్చిన 'వినయం స్టార్లు' ఇంతవరకూ ఎవరికీ అంటించలేదు. వినయంలో ఫస్టు ఎవరని కొట్టుకుంటారు.

నాది చిన్న క్లాసు, ఎదురు ప్రశ్నలేసే వయసు పిల్లలు, పైగా టైముకు ముగించాలన్న టెన్షన్ లేదు. అందుకే నాకు పనికొచ్చింది. మీ దగ్గర బుజ్జి పిల్లలే ఎక్కువైతే కొనే ముందు ఆలోచించండి. వాళ్లకు యేసు శిష్యుల కాళ్లు కడిగిన కథ ఉంది, దానికి కార్డులు కూడా అక్కర్లేదు, పళ్లెంలో నీళ్లు, ఒక తువ్వాలు చాలు.