బాస్‌ట్రాప్, బిషర్ పార్కుల మధ్య రోడ్డు: తొమ్మిదేళ్ళు సైకిల్ తొక్కాక నా సమీక్ష

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌కు తూర్పున సుమారు 30 మైళ్ళ దూరంలో బాస్‌ట్రాప్ స్టేట్ పార్కు ఉంది. దానికి ఇంకా తూర్పున, స్మిత్‌విల్ అనే చిన్న ఊరి పక్కన, మరో స్టేట్ పార్కు ఉంది. దాని పేరు ఇంగ్లీషు రాతలో Buescher అని కనిపించినా అక్కడివాళ్ళు మాత్రం ‘బిషర్’ అనే పలుకుతారు. ఈ రెండు పార్కులనూ కలుపుతూ అడవిలో మెలికలు తిరుగుతూ సాగే రోడ్డు పేరు పార్క్ రోడ్ 1సి. పొడవు సుమారు 12 మైళ్ళు, అంటే 19 కిలోమీటర్లు. 2016 వసంతం నుంచి నెలకు ఒకటి రెండు సార్లయినా నేను ఈ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో రెండు సైకిళ్ళు మారాయి, నా వయసు నలభై దాటింది, రోడ్డు పక్క అడవి రూపు కూడా మారిపోయింది. ఆస్టిన్‌లోనూ హ్యూస్టన్‌లోనూ కొత్తగా రోడ్డు సైకిల్ కొన్న తెలుగు మిత్రులు ఈ దారి గురించి తరచూ అడుగుతున్నారు కనుక, నాకు అనుభవంలో తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసిన విషయం ఒకటుంది. అందమైన దారి అనగానే కొండ కొమ్ము నుంచి కనిపించే లోయలనూ జలపాతాలనూ ఊహించుకుని వచ్చేవారికి ఇక్కడ అవేవీ దొరకవు. ఇక్కడ అందం రోడ్డుదే. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, పని లేని యువకులకు ఉపాధి చూపడానికి అమెరికా ప్రభుత్వం నడిపిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ వాళ్ళు ఈ పార్కులను కట్టారు. బాస్‌ట్రాప్ పార్కులో వాళ్ళు ఎర్రటి ఇసుకరాయితో కట్టిన కుటీరాలు ఈనాటికీ నిలిచి ఉన్నాయి, 1997లో ఆ పార్కుకు జాతీయ చారిత్రక స్థలమనే గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డు వేసేటప్పుడు గుట్టలను తవ్వి చదును చేయకుండా నేల ఎటు వంగితే రోడ్డునూ అటే వంచారు. అందువల్ల ఇక్కడ వంద గజాలు తిన్నగా, చదునుగా సాగే చోటు అరుదు. ఒక మిట్ట దిగుతున్నప్పుడే ఎదురుగా రెండో మిట్ట లేచి నిలబడి ఉంటుంది, మలుపు తిరిగాక గాని దాని అసలు ఎత్తు తెలియదు.

ఈ ఎక్కుళ్ళు పొడవైనవి కావు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లోనే ముగుస్తాయి, కానీ నిటారుగా ఉంటాయి, పైగా ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. రానుపోను 24 మైళ్ళకు నా మీటరు ఎప్పుడూ వెయ్యి అడుగులకు తక్కువ ఎక్కుడు చూపలేదు. నేను మొదట తెచ్చిన సైకిల్‌కు వెనుక అతిపెద్ద పళ్ళచక్రం 28 పళ్ళది. దానితో మొదటి ఏడాదంతా మోకాళ్ళ మీద బరువు వేసి, సీటు మీద నుంచి లేచి తొక్కవలసి వచ్చింది. తరువాత 34 పళ్ళ చక్రం వేయించుకున్నాను. ఆ ఒక్క మార్పుతో కూర్చునే ఎక్కగలిగాను, అంతకుముందు హ్యాండిల్ తప్ప మరేదీ కనిపించని చోట చుట్టుపక్కల చెట్లు కనిపించడం మొదలైంది. కొత్తవారికి నా గట్టి సలహా ఇదే: తేలికైన చక్రాల మీద డబ్బు పెట్టేముందు తేలికైన గేరు మీద పెట్టండి. టైర్ల విషయంలోనూ అంతే. రోడ్డు మీద చాలాచోట్ల తారు పోసి పైన కంకర అద్దిన పూత ఉంటుంది. 25 మిల్లీమీటర్ల టైర్లతో ఆ గరుకుదనం అరచేతుల్లోకీ వెన్నులోకీ నేరుగా వచ్చేది. 28కి మారి, గాలి కొంచెం తగ్గించాక బాధ చాలావరకు పోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో నా అభిప్రాయం చాలామంది చెప్పేదానికి భిన్నం. ఆస్టిన్ నుంచి వచ్చేవారు దగ్గర కనుక బాస్‌ట్రాప్ పార్కులో కారు ఆపి తూర్పుకు బయలుదేరుతారు. మొదటి మూడేళ్ళు నేనూ అలాగే చేశాను. ఇప్పుడు ఇరవై నిమిషాలు ఎక్కువ ప్రయాణించి బిషర్ వైపు నుంచే మొదలుపెడుతున్నాను. ఇందుకు కారణాలు రెండు. మొదటిది, తెల్లవారుజామున బాస్‌ట్రాప్ నుంచి తూర్పుకు తొక్కితే అప్పుడే పైకి వచ్చిన సూర్యుడు సరిగ్గా కళ్ళలో పడతాడు. మన కళ్ళు మూసుకుపోతే మనమే నెమ్మదిస్తాం, కానీ మన వెనుక అదే దిక్కుకు వచ్చే కారు డ్రైవరుకు కూడా అదే వెలుగు కళ్ళలో పడుతుందని, మిట్ట పైన ఉన్న మనం అతనికి కనిపించకపోవచ్చని ఆలోచించాలి. 2018 అక్టోబరులో ఒక ఉదయం నా మోచేతికి జానెడు దూరంలో ఒక పికప్ ట్రక్కు దూసుకుపోయింది. ఆ డ్రైవరు ముందుకు వెళ్ళి ఆగి, చేతులు వణుకుతుండగా, నేను కనిపించనే లేదని క్షమాపణ చెప్పాడు. ఆ మాట నిజమేనని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే అదే సమయంలో నాకూ రోడ్డు కనిపించలేదు. రోడ్డు ఇరుకు, పక్కన తప్పుకోవడానికి జాగా లేదు. బిషర్ నుంచి పడమటికి బయలుదేరితే సూర్యుడు వీపు మీద ఉంటాడు. తిరిగి వచ్చేసరికి పైకెక్కి ఉంటాడు కనుక కళ్ళకు ఇబ్బంది ఉండదు.

రెండో కారణం నీడ. అది చెప్పాలంటే ఈ అడవి కథ చెప్పక తప్పదు. లాబ్‌లాలీ అనే జాతి పైన్ చెట్లకు ఈ రాష్ట్రంలో అసలు నెలవు తూర్పు టెక్సస్. అక్కడి నుంచి దాదాపు వంద మైళ్ళు పడమటికి విడిపోయి ఒంటరిగా నిలిచిన గుంపు ఇది, అందుకే దీన్ని ‘లాస్ట్ పైన్స్’ అంటారు. 2011 సెప్టెంబరు 4న, తీవ్రమైన కరువులో, పెనుగాలికి విద్యుత్ తీగల మీద చెట్లు కూలి నిప్పు అంటుకుంది. దాదాపు 34 వేల ఎకరాలు, 1,600కు పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఇద్దరు చనిపోయారు. బాస్‌ట్రాప్ పార్కులో 96 శాతం మంటల్లో చిక్కుకుంది. 2015 మే నెలలో వరద వచ్చి పార్కులోని చెరువు కట్ట తెగింది, అదే ఏడాది అక్టోబరులో మరో మంట రేగి రెండు పార్కుల మధ్య అడవిని కాల్చింది. నేను తొలిసారి వచ్చేనాటికి బాస్‌ట్రాప్ వైపు మైళ్ళ తరబడి నల్లటి మోళ్ళే నిలబడి ఉండేవి, ఆకాశం తప్ప పైకప్పు లేదు. బిషర్ వైపు మాత్రం ఓక్ చెట్లూ పైన్ చెట్లూ రోడ్డు మీదికి వంగి చల్లగా ఉండేవి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. బిషర్‌లో మొదలుపెడితే ఎండ చోటు మధ్యలో వస్తుంది, అలసిన కాళ్ళతో తొక్కే చివరి మైళ్ళు నీడలో సాగుతాయి. జులై, ఆగస్టు నెలల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు.

కాలిన భాగాన్ని తప్పించుకోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. నాకు ఈ రోడ్డు మీద అన్నిటికంటే ఇష్టమైనది అక్కడే ఉంది. ఓక్ చెట్లు కాలిన మొదళ్ళ నుంచి మళ్ళీ చిగురించాయి, యోపాన్ అనే పొద ఎక్కడ చూసినా దట్టంగా అల్లుకుంది. లాబ్‌లాలీ పైన్ మాత్రం అలా చిగురించదు, విత్తనం నుంచే రావాలి. అందుకే ఈ ప్రాంతపు విత్తనాలతోనే పెంచిన నారును లక్షల సంఖ్యలో నాటారు. బాస్‌ట్రాప్ వైపు ఒక మిట్ట నెత్తిన, నేను నీళ్ళు తాగడానికి ఆగే చోట, 2016లో నా మోకాలి ఎత్తున్న ఒక మొక్క ఉండేది. దాని ఆకులు సూదుల్లా మూడేసి కలిసి ఒక్కో కట్టగా ఉంటాయి. కొనకొమ్మ లేత ఆకుపచ్చగా, కొవ్వొత్తిలా నిటారుగా నిలబడేది. 2019కి అది నా భుజం దాటింది. ఇప్పుడు తలెత్తి చూస్తే గాని కొన కనిపించదు. పోయిన వేసవిలో మొదటిసారి దాని నీడలో సైకిల్‌ను ఆనించగలిగాను. పల్చని నీడే, అయినా ఎంతో సంతోషించాను.

ప్రమాదాల గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. వాన పడిన మర్నాడు ఈ రోడ్డు మీదికి వెళ్ళకండి. మిట్టల మీద నుంచి కొట్టుకొచ్చిన ఇసుక పల్లాల్లో, సరిగ్గా మలుపుల దగ్గరే మేట వేస్తుంది, దాని మీద తడిసిన పైన్ ఆకులు పరుచుకుంటాయి. పైకి ఎండినట్టే కనిపించినా అడుగున తడి ఉంటుంది. 2020 మార్చిలో ఆలమ్ క్రీక్ వాగు వైపు దిగుతూ నేను మలుపులో ముందు బ్రేకు పట్టాను. చక్రం పక్కకు జారిపోయింది. తొడ నుంచి చీలమండ దాకా చర్మం గీసుకుపోయింది, గేరు కొక్కెం వంగిపోయింది. అక్కడ ఫోనుకు సిగ్నల్ అందలేదు. కుంటుతూ ఎదుటి మిట్ట ఎక్కాక గాని ఇంటికి ఫోను చేయలేకపోయాను. అప్పటి నుంచి బ్రేకులు మలుపుకు ముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే వేసి, మలుపులో వదిలేస్తున్నాను. ఒంటరిగా వెళ్ళే ప్రతిసారీ ఏ వేళకు తిరిగి వస్తానో ఇంట్లో చెప్పి బయలుదేరుతున్నాను. మధ్యలో దుకాణం గాని, కుళాయి గాని లేవు. రెండు సీసాల నీళ్ళు, రెండు ట్యూబులు, పంపు లేకుండా రాకూడదు.

వాహనాల రద్దీ విషయంలో ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు. బిషర్ దగ్గర ఎమ్‌డీ ఆండర్సన్ క్యాన్సర్ సంస్థ వారి పరిశోధన ప్రాంగణం ఉంది కనుక పనిదినాల్లో ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఆ చివర కొన్ని కార్లు ఎదురవుతాయి. వారాంతాల్లో సైకిళ్ళే ఎక్కువ. హ్యూస్టన్ నుంచి ఆస్టిన్‌కు చాలా ఏళ్ళు సాగిన ఎంఎస్ 150 అనే విరాళాల సైకిల్ యాత్రలో రెండో రోజు ఈ పార్కుల దారి ఉండేది కనుక, ఇక్కడి డ్రైవర్లకు సైకిళ్ళు కొత్త కాదు. పార్కులోకి వచ్చే పెద్దలందరూ రోజు రుసుము కట్టాలి, సైకిల్ మీద వచ్చినా మినహాయింపు లేదు. తరచూ వచ్చేవారికి ఏడాది పాసు నయం.

ఇంకా దూరం తొక్కాలనుకునేవారు బిషర్ నుంచి ఎఫ్‌ఎమ్ 153 అనే పల్లె రోడ్డు మీద వించెస్టర్ వైపు వెళ్ళవచ్చు. అది పొలాలూ పశువుల బీళ్ళూ ఉన్న విశాలమైన దారి. మార్చి చివర నుంచి ఏప్రిల్ నడుమ దాకా గట్ల వెంట నీలిరంగు బ్లూబానెట్ పూలు పూస్తాయి. పూల కోసమే వచ్చేవారికి అడవి రోడ్డు కంటే అదే మేలు. కుక్కలు మాత్రం వెంటపడతాయి. బాస్‌ట్రాప్, స్మిత్‌విల్‌ల మధ్య 71వ నంబరు హైవే మీదుగా చుట్టి వచ్చి వలయం పూర్తి చేయాలని కొందరు అనుకుంటారు. నేను ఒక్కసారే అలా చేశాను, మళ్ళీ చేయను. పెద్ద లారీలు పక్కగా వెళ్ళినప్పుడల్లా ఆ గాలికి సైకిల్ ఊగిపోయింది. వెళ్ళిన దారినే తిరిగి రావడం విసుగనుకోవద్దు. వెళ్ళేటప్పుడు దిగిన మిట్టలన్నీ వచ్చేటప్పుడు ఎక్కాలి కనుక అది రెండో రోడ్డులాగే ఉంటుంది.

అన్ని నెలల్లోనూ తొక్కి చూశాక నాకు నచ్చినవి నవంబరు, ఫిబ్రవరి. నవంబరులో గాలి పొడిగా ఉంటుంది, ఓక్ ఆకులు రంగు మారుతాయి. ఫిబ్రవరిలో చీకటి విడవకముందే బిషర్ చెరువు దగ్గర కారు ఆపి, లైట్లు బిగించుకుంటూ నిలబడితే, కొన్ని రోజుల్లో తడి నేల వైపు నుంచి సన్నని, ఎడతెగని ఈల లాంటి ధ్వని వినిపిస్తుంది. అది హ్యూస్టన్ కప్ప పిలుపు. 1970 నుంచి అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉన్న ఆ కప్పకు ఈ జిల్లా మిగిలిన కొద్ది ఆవాసాల్లో ముఖ్యమైనది. వాన రాత్రుల్లో అవి రోడ్డు దాటుతాయి కనుక ఆ నెలల్లో నేను పూర్తిగా తెల్లవారాకే చక్రం కదుపుతాను. మీరు వచ్చినా దయచేసి అలాగే చేయండి.