కొవిడ్ రోజుల్లో హైదరాబాద్ బస్తీ సేవలు: ఏది ఆదుకుంది, ఏది అక్కరకు రాలేదు

మార్కులు వేయమంటే మొదటి మార్కు అన్నపూర్ణ భోజనం కౌంటరుకే. 2020 మార్చిలో ఒకసారి, 2021 మేలో ఇంకోసారి ఊరంతా షట్టర్లు దించినప్పుడు జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) చేసిన పనుల్లో తక్కువ తడబాటుతో నడిచింది ఇదే. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఈ సేవ లాక్‌డౌన్ కోసం పుట్టింది కాదు, 2014 నుంచీ ఐదు రూపాయలకు భోజనం పెడుతూనే ఉంది. వంట హరేకృష్ణ మూవ్‌మెంట్ వాళ్ళది. తినే మనిషి ఇచ్చే ఐదు పోగా మిగతా ఖర్చు జీహెచ్‌ఎంసీది. వంటశాల ఉంది, బండ్లున్నాయి, ఏ బండి ఏ రూట్లో ఎన్నింటికి బయల్దేరాలో డ్రైవర్లకు కంఠతా వచ్చు. ఆసుపత్రుల ముందు, కూలీల అడ్డాల దగ్గర భోజనం బూత్‌లు అప్పటికే ఉన్నాయి. చేయాల్సిందల్లా ఐదు రూపాయలు తీసుకోవడం మానేసి, డబ్బాల సంఖ్య పెంచి, బూత్‌లు లేని చోట్లకు బండి పంపడం. అదే చేశారు.

తిండి ఎలా ఉంటుందంటే: అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, పచ్చడి. అన్నం 400 గ్రాములకు తగ్గదు, కష్టం చేసే మనిషికి ఒక పూట గడుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పడని వంట కాబట్టి మొదటిసారి తిన్నవాళ్ళకు చప్పగా అనిపిస్తుంది. పచ్చడి దగ్గర రెండోసారి చెయ్యి చాచేవాళ్ళు ఎక్కువ కావడం అందుకే. మూత బిగించిన స్టీలు డబ్బాల్లో దూరం నుంచి వస్తుంది గనక అన్నం వేడిగానే ఉంటుంది, పప్పు మాత్రం దారిలో గట్టిపడుతుంది. లైను చివర నిలబడ్డవాళ్ళకు కూర అందకపోవడం అన్ని ఉచిత భోజనాల్లోనూ ఉండే జబ్బే. వంట తక్కువై కాదు, గరిటె కొలత తప్పి. మొదటి యాభై మందికి గరిటె నిండుగా, ఆపైన సగం. వంద గ్రాముల గరిటె ఒకటే పెట్టుకుని, అందరికీ ఒక్కటే అని మొదటి మనిషి దగ్గరే ఖచ్చితంగా ఉన్న కౌంటర్లలో ఈ తంటా రాలేదు.

అసలు లోపం వేళల్లో వచ్చింది. 2021 మే 12న మొదలైన లాక్‌డౌన్‌లో ఉదయం 6 నుంచి 10 దాకానే బయట తిరగనిచ్చారు. భోజనం బండి వచ్చేది మధ్యాహ్నం. ఆకలేసిన మనిషి చౌరస్తా దాటి బూత్ దాకా పోవాలంటే చేతిలో చూపించడానికి ఏ కాగితమూ లేదు. కాబట్టి అదే భోజనం, అదే పరిమాణం, కానీ బస్తీ లోపల ఉన్న బూత్ దగ్గర లైను, మెయిన్ రోడ్డు అవతల ఉన్న బూత్ దగ్గర మిగులు. గాంధీ లాంటి ఆసుపత్రుల ముందున్న బూత్‌లు మాత్రం పూర్తిగా అక్కరకొచ్చాయి. లోపల పేషెంటు, బయట ఫుట్‌పాత్ మీద ఇంటివాళ్ళు, చుట్టుపక్కల ఒక్క హోటల్ తెరిచి లేదు. వాళ్ళకు ఆ ప్లేటే దిక్కు. అన్నట్టు, 2025లో ఈ అన్నపూర్ణ కౌంటర్లే ఇందిరమ్మ క్యాంటీన్లుగా పేరు మారాయి, ఐదు రూపాయలకే పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు.

కౌంటరుకు రాలేనివాళ్ళ సంగతి వేరు. పాజిటివ్ వచ్చి గదిలో పడుకున్నవాళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, పిల్లలు విదేశాల్లో ఉన్న దంపతులు. నగరపాలక సంస్థ బండి వీళ్ళలో చాలామంది గడప దాకా పోలేదు. ఆ ఖాళీని నింపింది కాలనీ సంఘాలు, గురుద్వారాలు, మసీదు కమిటీలు, ఇంట్లోనే రెండు డబ్బాలు ఎక్కువ వండిన గృహిణులు. పోలీసు మహిళా భద్రతా విభాగం, సత్యసాయి సేవా సంస్థ, స్విగ్గీ కలిసి 2021 మేలో నడిపిన ‘సేవా ఆహార్’ కూడా ఈ కోవలోదే. వాట్సాప్‌లో చెబితే భోజనం ఇంటికొచ్చేది. ఎల్బీనగర్‌లో రైస్ ఏటీఎం పేరుతో రాత్రింబవళ్ళు సరుకులిచ్చారు.

మనసు మంచిదే, వంటే తేడా కొట్టింది చాలాచోట్ల. దాతలకు ఇష్టమైంది బిర్యానీ, బగారా అన్నం. జ్వరంతో గొంతు మండుతూ, వాసన తెలియక, రెండు ముద్దలకే ఆయాసపడే మనిషికి మసాలా ఎందుకు? వాళ్ళకు కావాల్సింది మెత్తటి అన్నం, పలచటి చారు, ఇడ్లీ, జావ, పెరుగన్నం. పరిమాణంలోనూ అంతే. మామూలు వంద మందికి బియ్యం 12 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, కూరగాయలు 8 నుంచి 10 కిలోలు పడితే, జ్వరపు ఇళ్ళకు వంద డబ్బాలంటే బియ్యం 9 కిలోలు చాలు. మిగిలిన ఖర్చు పళ్ళ మీద పెట్టొచ్చు.

మే ఎండలో పెరుగన్నం పంపడానికి ఒక పద్ధతుంది. పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఉడికిన అన్నం పది కిలోలుంటే, అది గోరువెచ్చగా ఉన్నప్పుడే మెదిపి, కాచిన పాలు మూడు లీటర్లు పోసి, పెరుగు ఒక్క గరిటెడు తోడుగా కలపాలి. డబ్బా తెరిచే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. వేడివేడి అన్నాన్ని వెంటనే డబ్బాలో పెట్టి మూసేస్తే లోపల చెమట పట్టి వాసనొస్తుంది. పరాతంలో పరిచి పది, పదిహేను నిమిషాలు ఆవిరి పోనిచ్చి మూత పెట్టాలి. అలాగని నులివెచ్చగా గంటల తరబడి వదిలేయకూడదు, అన్నం పాడయ్యేది ఆ వేడిమిలోనే. రెండు పూటలకూ సరిపడేది కావాలంటే చింతపండు పులిహోరను మించింది లేదు: కిలో బియ్యానికి వంద గ్రాముల పైచిలుకు చింతపండు, నూనె కాస్త ధారాళంగా. మూత మీద మార్కర్‌తో ‘2 గంటలలోపు తినండి’ అని రాసిన సంఘాలకు పూర్తి మార్కులు ఇవ్వొచ్చు.

పంపకంలో తప్పు ఎక్కడ జరిగిందో నగరంలో పంచినవాళ్ళందరికీ తెలుసు. మధ్యాహ్నం ఒకే ఫ్లైఓవర్ కింద వరుసగా ఆటోలు, రాత్రికి ఒక్కటీ లేదు. ఒకే ఇంటికి రెండు సంఘాల డబ్బాలు, పై అంతస్తులో అద్దెకున్నవాళ్ళకు ఏమీ లేదు. వాట్సాప్ గ్రూపులో ‘అర్జెంట్, 50 మందికి భోజనం కావాలి’ అన్న మెసేజ్ మూడు రోజుల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది, ఎవరో మళ్ళీ 50 ప్యాకెట్లు పట్టుకెళ్తారు. సరిగ్గా నడిచిన చోట చేసింది చిన్న పని: ఏరియాకు ఒక్క నోటుబుక్కు, ఆర్డర్లకు ఒక ఫోను, డెలివరీకి ఇంకో ఫోను. రాత్రి ఎనిమిదికి జాబితా కట్టేయడం. పేరు పక్కన షుగరుందా, ఎంతమంది, ఏ అంతస్తు, ఎన్ని రోజులు అని రాసుకోవడం. డబ్బా గేటుకు తగిలించి, నాలుగడుగులు వెనక్కొచ్చి ఫోన్ చేయడం. ఫోన్ ఎత్తకపోతే పక్కింటి వాళ్ళకు చెప్పి కదలడం. ఈ చివరిది తిండి కంటే ముఖ్యం. ఎత్తని ఫోను వెనక ఊపిరాడని మనిషి ఉండొచ్చు.

రేషన్ విషయానికొస్తే, 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం కార్డులో ఉన్న ఒక్కో మనిషికి 12 కిలోల ఉచిత బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది, ఖాతా లేనివాళ్ళకు పోస్టాఫీసులో చెల్లించారు. పరిమాణం బాగుంది, వేగమూ ఫరవాలేదు. ఇబ్బంది కార్డు లేనివాళ్ళది. కొత్త కార్డుల జారీ అప్పటికే ఆగి ఉంది, పెళ్ళై వేరు కాపురం పెట్టినవాళ్ళ పేర్లు తల్లిదండ్రుల కార్డులోనే ఊళ్ళో ఉన్నాయి. వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు. కానీ సైటు షెడ్డులో ఉండే బిహారీ, ఝార్ఖండ్ కూలీకి బియ్యం కంటే గోధుమ పిండి, దానికంటే ముందు పొయ్యి కావాలి. దేశంలో మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుంచే హటియాకు బయల్దేరింది. మూటలో బియ్యం ఉన్నా ఇంటికెళ్ళాలనే తపన ఎంతుందో అప్పుడు తెలిసింది. ఇక 2021 ఫిబ్రవరిలో వేలిముద్రకు బదులు ఐరిస్, ఓటీపీ పెట్టారు. అంటుకునే జబ్బు కాలంలో వేలు పెట్టకుండా చేయడం సబబే. అయితే ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి కదా! ఆధార్ సెంటర్ల ముందు తెల్లవారుజాము నుంచి గుంపులు. రేషన్ షాపులో తప్పించిన రద్దీని అక్కడికి మార్చినట్టయింది.

2021 మే మొదటి వారంలో మొదలైన ఇంటింటి జ్వర సర్వే మీద మా అభిప్రాయం కాస్త మిశ్రమం. ఆశా, ఏఎన్ఎం, జీహెచ్‌ఎంసీ మనిషి కలిసి తలుపు తట్టి, జ్వరం ఉందా, దగ్గుందా అని అడిగి, ఉంటే టెస్టు ఫలితం కోసం ఆగకుండా అక్కడికక్కడే మందుల కిట్టు ఇచ్చారు. టెస్టు టోకెన్ కోసం బస్తీ దవాఖానా ముందు పొద్దున్నే నిలబడాల్సిన రోజుల్లో అది నిజంగా పెద్ద ఊరట. 2022 జనవరి ఒమిక్రాన్ అప్పుడూ ఇదే పద్ధతి మళ్ళీ వాడారు. కిట్టులో పారాసిటమాల్ పనికొచ్చింది. విటమిన్లతో నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు. యాంటీబయాటిక్ అనవసరం, వైరస్ మీద దాని ప్రభావం లేదని అప్పటికే పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మూడు రోజులు వాడి జ్వరం తగ్గగానే మిగతాది డబ్బాలో దాచుకున్న ఇళ్ళు ఎన్నో. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గల్లీలో చదువుకున్న పిల్లలు స్కెచ్ పెన్నుతో కవరు మీద పొద్దున, రాత్రి అని రాసిచ్చిన చోట ఈ గందరగోళం తక్కువ.

సర్వేకి అసలు అడ్డంకి భయం. 2020లో ఇళ్ళకు అంటించిన క్వారంటైన్ పోస్టర్ జనం మర్చిపోలేదు. అలాంటి పోస్టర్లు ఇష్టమొచ్చినట్టు అంటించకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లోనే చెప్పినా, తలుపు తడితే ‘అందరం బాగానే ఉన్నాం మేడం’ అనే జవాబే వచ్చేది, వెనక గదిలో దగ్గు వినపడుతున్నా సరే. తెలిసిన ఆశా వస్తే ఒకలా, వేరే వార్డు నుంచి వేసిన కొత్త మనిషి వస్తే ఇంకోలా. కాన్పు చూసిన ఆశాకు ‘అక్కా, అమ్మకు రెండ్రోజుల నుంచి బాలేదు’ అని చెప్తారు గానీ కాగితం పట్టుకొచ్చిన అపరిచితుడికి చెప్పరు.

కిట్టులో లేనిదీ, అన్నిటికంటే అవసరమైనదీ ఆక్సీమీటర్, వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం. దాన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు, గల్లీ యువకులు చందాలేసి కొని ఇల్లిల్లూ తిప్పారు. ఇలా తిప్పేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. గోళ్ళ రంగు ఉంటే తుడిచేయాలి. వేలు చల్లగా ఉంటే అరచేతులు రుద్దుకోవాలి. పెట్టగానే వచ్చే అంకె నమ్మకూడదు, ఒక నిమిషం ఆగి నిలకడగా ఉన్న అంకె రాసుకోవాలి. కూర్చుని ఒకసారి, గదిలోనే ఆరు నిమిషాలు నడిచి ఇంకోసారి. 94 కంటే దిగితే 104కో జీహెచ్‌ఎంసీ కంట్రోల్ రూమ్ 040-21111111కో ఫోన్, లైను కలవకపోతే ఆటోనే. ఇంకో ఇంటికి ఇచ్చే ముందు స్పిరిట్ దూదితో తుడవాలి, నీళ్ళలో ముంచకూడదు. సెల్ తగ్గితే పరికరం మొరాయిస్తుంది. రెండు పెన్సిల్ సెల్స్ అదనంగా కవర్లో వేసి ఇచ్చినవాళ్ళ ముందుచూపు మెచ్చుకోవాలి.

రోడ్ల మీద హైపోక్లోరైట్ పిచికారీకి సున్నా. లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపితే వచ్చే ఒక శాతం ద్రావణం ఆసుపత్రి నేలకు మంచిదే. దుమ్ము, ఎండ తగిలిన రోడ్డు మీద దాని బలం ఎంతసేపు? ఆరుబయట చల్లితే ప్రయోజనం లేదని డబ్ల్యూహెచ్ఓ 2020 మేలోనే చెప్పింది, మనుషుల మీద చల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అంతకుముందే ఏప్రిల్‌లో చెప్పింది. అయినా ట్యాంకరు వస్తుంటే ఫొటోలు, చప్పట్లు. ఆ మనుషుల్నీ బండ్లనీ చెత్త మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఎందుకంటే చెత్తే గట్టి సమస్య అయింది. పాజిటివ్ ఇల్లని తెలిస్తే స్వచ్ఛ ఆటో ఆగకుండా పోయేది. ఆటో నడిపే కుటుంబాన్ని తప్పు పట్టలేం, చాలామందికి పలచటి గ్లౌజులు తప్ప ఏమీ లేవు. మాస్కులు కాగితపు కవరులో 72 గంటలు ఉంచి, కత్తిరించి ఆ తర్వాతే మామూలు చెత్తలో వేయమని కాలుష్య నియంత్రణ మండలి సూచన. ఇళ్ళల్లో ఎంతమందికి ఇది తెలుసు? కుదిరిన కాలనీల్లో సంఘం ఒక ఒప్పందం చేసుకుంది: ఆ ఇంటివాళ్ళు రెండు కవర్లలో ముడి వేసి, మూడు రోజులు బాల్కనీలో ఉంచి, ఎర్ర టేపు చుట్టి గేటు బయట పెట్టాలి. ఆటో వాళ్ళకు సంఘమే మందపాటి రబ్బరు గ్లౌజులు, సబ్బు ఇవ్వాలి. చివరి ట్రిప్పులో ఆ సంచులు వేరుగా ఎత్తుకెళ్ళేవాళ్ళు.